అమ్మ కనిపిస్తేనే ఆట

లారాకు రెండేళ్ల ఐదు నెలలు. బొడ్డు దగ్గర హెర్నియాకు చిన్న ఆపరేషన్ చేయాలని లండన్‌లో ఒక ఆస్పత్రిలో చేర్చారు. ఎనిమిది రోజులు ఉండాలి. తల్లిదండ్రులు అప్పుడప్పుడు వచ్చి కాసేపు చూసి వెళ్లొచ్చు, పక్కనే ఉండటం మాత్రం కుదరదు. అది 1951. జేమ్స్ రాబర్ట్‌సన్ అనే పరిశోధకుడు చేత్తో పట్టుకునే సినిమా కెమెరా ఒకటి తీసుకుని ఆ ఎనిమిది రోజులూ లారాను చిత్రీకరించాడు. కావాలని ఏడుపు దృశ్యాలే ఏరుకున్నాడని ఎవరూ అనకూడదని రోజూ ఒకే వేళల్లో తీశాడు. వార్డు గోడ గడియారం కూడా తెర మీద కనిపించేలా చూసుకున్నాడు.

లారా గుక్కపట్టి ఏడ్చే పిల్ల కాదు. వయసుకు మించిన నిబ్బరం ఉన్న పిల్ల. బొమ్మ ఎలుగుబంటినీ, ఇంటి నుంచి తెచ్చుకున్న దుప్పటినీ హత్తుకుని కూర్చుంటుంది. నర్సు ఆడిస్తే ఆడుతుంది. ఆడుతూ ఆడుతూ మధ్యలో, ఎవరూ అడగకుండానే, అమ్మ ఎక్కడని అడుగుతుంది. గొంతులో ఏడుపు ఉండదు, ముఖం మాత్రం ముడుచుకుంటుంది. రోజులు గడిచేకొద్దీ అమ్మ వచ్చినా వెంటనే దగ్గరకు పోదు, ముఖం తిప్పేసుకుంటుంది. ఇంటికి వెళ్లే రోజు తన వస్తువులన్నీ, చిరిగిన పుస్తకంతో సహా, పోగేసుకుంటుంది. అమ్మ చేయి అందిస్తే మాత్రం పట్టుకోదు.

పిల్లాడికి జ్వరమొచ్చి ఆస్పత్రిలో చేరిస్తే మంచం పక్కన తల్లి, మంచం కింద చాప మీద అమ్మమ్మ ఉండటం తెలిసిన తెలుగువారికి ఇది వింతగా తోచవచ్చు. ఆనాటి బ్రిటన్ ఆస్పత్రుల్లో మాత్రం అదే నియమం. కొన్నిచోట్ల వారానికి ఒక్క ఆదివారం, అదీ గంటో రెండు గంటలో చూడనిచ్చేవారు. ఇంకొన్నిచోట్ల పసిపిల్లలను చూడటానికి వచ్చిన తల్లిదండ్రులను అద్దం అవతలే నిలబెట్టేవారు. తల్లిని చూస్తే పిల్లలు ఏడుస్తారు, వెళ్లిపోతే మళ్లీ ఏడుస్తారు, రాకపోతే రెండు మూడు రోజుల్లో వాళ్లే సర్దుకుంటారు అన్నది డాక్టర్ల వాదన. వాళ్లు సర్దుకోవడం అనుకున్నదాన్ని రాబర్ట్‌సన్ మూడు దశలుగా విడదీసి చూపాడు. ముందు ఏడ్చి గొడవ చేయడం, తర్వాత దిగులుతో ముడుచుకుపోవడం, చివరికి అమ్మతో పని లేనట్టు ఉండిపోవడం. ఆ మూడో దశనే ఆస్పత్రులు కోలుకోవడంగా లెక్కవేశాయి.

1952 నవంబరులో లండన్‌లోని రాయల్ సొసైటీ ఆఫ్ మెడిసిన్‌లో ఆ సినిమా వేస్తే డాక్టర్లు చాలామంది మండిపడ్డారు. తమ వృత్తి మీద నింద వేశాడన్నారు. కోపం తెచ్చుకున్నవారిలో డెర్మాడ్ మెకార్థీ అనే పిల్లల డాక్టరు కూడా ఉన్నాడు. తన వార్డుకు తిరిగి వెళ్లి పిల్లలను కొత్తగా చూశాక ఆయన మనసు మారింది. తల్లులను రాత్రింబవళ్లు పిల్లల దగ్గర ఉండనిచ్చాడు. 1959లో ప్రభుత్వం నియమించిన ప్లాట్ కమిటీ, పిల్లలను చూడటానికి తల్లిదండ్రులకు వేళల కట్టడి ఉండకూడదని సిఫారసు చేసింది. ఆస్పత్రులు దాన్ని వెంటనే అమలు చేయలేదు. 1961లో తల్లులే సంఘం పెట్టుకుని ఏళ్ల తరబడి వెంటపడితేగానీ వార్డుల తలుపులు తెరుచుకోలేదు.

రాబర్ట్‌సన్‌ను పనిలో పెట్టుకున్న మానసిక వైద్యుడు జాన్ బౌల్బీ. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఇళ్లూ వాకిళ్లూ పోగొట్టుకున్న పిల్లల గురించి నివేదిక ఇవ్వమని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆయన్ని అడిగింది. 1951లో ఆ నివేదిక వచ్చింది. పసివయసులో తల్లితో, లేదా తల్లి స్థానంలో స్థిరంగా నిలిచిన మనిషితో, ఆత్మీయమైన ఎడతెగని బంధం మానసిక ఆరోగ్యానికి అత్యవసరమన్నది దాని సారాంశం. ఈ మాట కొత్తగా ఎందుకు వినిపించిందో తెలియాలంటే అప్పటి పెంపకం సలహాలు చూడాలి. అమెరికాలో జాన్ వాట్సన్ అనే పేరున్న మనస్తత్వ శాస్త్రవేత్త 1928లో రాసిన పుస్తకంలో, పిల్లలను హత్తుకోవద్దు, ముద్దులు పెట్టొద్దు, తప్పదనుకుంటే రాత్రి పడుకునే ముందు నుదుటి మీద ఒక్కటి చాలు, పొద్దున్నే కరచాలనం చేయండి అని బోధించాడు. ప్రేమ ఎక్కువైతే పిల్లలు చెడిపోతారని చదువుకున్న తల్లిదండ్రులు నమ్మిన కాలమది. మన ఇళ్లలోనూ ‘చంకకు అలవాటు చేస్తే ఇక దిగడు’, ‘కాసేపు ఏడ్చి వాడే ఊరుకుంటాడులే’ అనే మాటలు ఈనాటికీ వినిపిస్తూనే ఉన్నాయి.

పిల్లలు తల్లిని అంటిపెట్టుకునేది పాల కోసమే అని అప్పటి శాస్త్రం అనుకునేది. 1958లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో హారీ హార్లో ఆ నమ్మకాన్ని దెబ్బతీశాడు. పుట్టగానే తల్లి నుంచి వేరుచేసిన కోతిపిల్లల ముందు రెండు బొమ్మ తల్లులను పెట్టాడు. ఒకటి ఇనుప తీగలది, రెండోది మెత్తటి గుడ్డ చుట్టింది. పాలసీసా తీగల తల్లికి కట్టినా, పిల్లలు పాలు తాగేంతసేపే అక్కడ ఉండి మిగతా రోజంతా గుడ్డ తల్లినే కరుచుకుని గడిపాయి. పిల్లలు నేర్చుకునే తీరు సంగతికి వస్తే ఇంతకన్నా ముఖ్యమైన పరిశీలన ఇంకొకటుంది. కొత్త వస్తువులున్న గదిలోకి ఒంటరిగా వదిలితే కోతిపిల్ల మూల ముడుచుకుని వణికేది. గుడ్డ తల్లిని కూడా ఆ గదిలో పెడితే, ముందు దాన్ని గట్టిగా పట్టుకుని, కాస్త ధైర్యం వచ్చాక వదిలి, వస్తువులను ముట్టుకుని, మళ్లీ వచ్చి పట్టుకుని, మళ్లీ వెళ్లేది. హార్లో ప్రయోగాలు ఆ జీవుల పట్ల చాలా క్రూరమైనవి, ఈనాడు వాటికి అనుమతి దొరకదు. ఆ రాకపోకలను మాత్రం మరెవరో మనుషుల్లోనూ చూశారు.

ఆమె మేరీ ఎయిన్స్‌వర్త్. లండన్‌లో బౌల్బీ దగ్గర కొంతకాలం పనిచేసి, 1954లో భర్త ఉద్యోగం మీద ఉగాండా వెళ్లింది. కంపాలా చుట్టుపక్కల పల్లెల్లో గాండా జాతివారి ఇళ్లకు వెళ్లి 26 మంది తల్లులనూ వాళ్ల పసిపిల్లలనూ నెలల తరబడి పరిశీలించింది. పాలు మాన్పించడానికి బిడ్డను కొన్నాళ్లు అమ్మమ్మగారింట్లో వదిలే ఆనవాయితీ ఉందని విని, ఆ ఎడబాటును పరిశోధించాలనుకుంది. తీరా చూస్తే ఆ ఆనవాయితీ చాలావరకు పోయింది. దాంతో దృష్టి మామూలు రోజువారీ జీవితం మీదకు మళ్లింది. తల్లులను తన కారులో ఆస్పత్రికి తీసుకెళ్తూ, ఇళ్లలో కూర్చుని గంటలకొద్దీ గమనిస్తూ ఉంటే ఆమెకు ఒక తీరు కనిపించింది. పాకే బిడ్డ అమ్మ దగ్గర నుంచి కొంత దూరం వెళుతుంది, వెనక్కి తిరిగి చూస్తుంది, అమ్మ ఉందని రూఢి చేసుకుని ఇంకొంచెం వెళుతుంది. కొత్తవాళ్లు వస్తే గబగబా తిరిగొచ్చి ఒడిలో చేరుతుంది. అమ్మ ఒడి బిడ్డను కట్టిపడేయడం లేదు. బయటకు వెళ్లే ధైర్యమే దాని నుంచి వస్తోంది.

ఉగాండా నుంచి అమెరికా చేరాక బాల్టిమోర్‌లో మళ్లీ 26 కుటుంబాలను ఎంచుకుంది. పుట్టిన కొన్ని వారాల నుంచి ఏడాది నిండేదాకా, దాదాపు మూడు వారాలకోసారి, నాలుగేసి గంటల చొప్పున ఇళ్లలో కూర్చుని రాసుకున్నారు. పిల్లలు ఏడాది వయసుకు వచ్చాక వారిలో చాలామందిని విశ్వవిద్యాలయంలోని ఒక గదికి రప్పించారు. కొత్త గది, నేల మీద బొమ్మలు, ఇద్దరికి కుర్చీలు, ఒకవైపు నుంచే కనబడే అద్దం. మొత్తం ఇరవై నిమిషాల తంతు. తల్లి, బిడ్డ వస్తారు. కాసేపటికి తెలియని మనిషి ఒకరు లోపలికి వస్తారు. తల్లి బయటకు వెళుతుంది, మూడు నిమిషాలకు తిరిగొస్తుంది. మళ్లీ వెళుతుంది, ఈసారి బిడ్డ ఒంటరిగా ఉంటుంది. మళ్లీ వస్తుంది. బిడ్డ మరీ ఏడిస్తే ఆ మూడు నిమిషాలు కూడా ఆగరు.

తల్లి వెళ్లినప్పుడు బిడ్డ ఎంత ఏడ్చిందన్నది ఈ పరీక్షలో పెద్ద విషయం కాదు. ఆమె తిరిగొచ్చినప్పుడు ఏం చేసిందన్నదే అసలు సంగతి. ఎక్కువమంది చేతులు చాచి అమ్మను చేరి, ఊరట పొంది, ఒకటి రెండు నిమిషాల్లో మళ్లీ బొమ్మల దగ్గరకు వెళ్లారు. వీరిది సురక్షిత అనుబంధం. కొందరు అమ్మ వచ్చినా పట్టనట్టు ఆడుకుంటూనే ఉన్నారు. ఇంకొందరు అమ్మను గట్టిగా పట్టుకుంటూనే ఆమెను తంతూ, తోస్తూ, ఎంతకీ ఊరుకోలేదు. ఈ మూడు తీరుల్లో దేనికీ లొంగని, తల్లిని చూసి దిక్కుతోచనట్టు బిగుసుకుపోయే నాలుగో తీరును 1980లలో మేరీ మెయిన్ గుర్తించింది. బిడ్డకు ధైర్యం ఇవ్వవలసిన మనిషే భయానికి కారణమైన ఇళ్లలో అది ఎక్కువగా కనిపించింది.

పట్టనట్టు ఆడుకునే పిల్లలను చూసి ‘ఎంత బుద్ధిమంతుడో, అసలు ఏడవనే ఏడవడు’ అనడం సహజం. 1970లలో అలాంటి పిల్లల గుండె వేగం కొలిచిన పరిశోధకులకు వేరే సంగతి తెలిసింది. ముఖం ప్రశాంతంగానే ఉంది, గుండె మాత్రం ఏడ్చే పిల్లలకు కొట్టుకున్నట్టే వేగంగా కొట్టుకుంటోంది. ఏడ్చినా లాభం లేదని ఏడాది వయసుకే నేర్చుకున్నారన్నమాట. ఏడవని పిల్లాడిని మెచ్చుకునే ఇళ్లలో ఈ ఒక్క ఫలితం గురించయినా మాట్లాడుకోవాలి.

ఎత్తుకుంటే ఏడుపు అలవాటవుతుందా అన్న ప్రశ్నకు బాల్టిమోర్ సమాచారం కాదనే చెప్పింది. మొదటి నెలల్లో ఏడుపుకు వెంటనే స్పందించిన తల్లుల పిల్లలు ఏడాది చివరికి వచ్చేసరికి తక్కువ ఏడ్చారని 1972లో ఎయిన్స్‌వర్త్, సిల్వియా బెల్ ప్రకటించారు. అయితే నెదర్లాండ్స్‌లో జరిగి 2000లో వెలువడిన అధ్యయనంలో అదే ఫలితం రాలేదు. తల్లి స్పందనకూ సురక్షిత అనుబంధానికీ సంబంధం ఉందని తర్వాతి అధ్యయనాలు చాలా చెప్పాయి కానీ, ఎయిన్స్‌వర్త్ చూసినంత బలంగా అది వాటిలో కనబడలేదు. బిడ్డ స్వభావం, ఇంటి పరిస్థితులు, ఇతరుల ఆసరా అన్నీ కలిసి పనిచేస్తాయి. ప్రతి ఏడుపుకూ క్షణంలో పరుగెత్తలేకపోయిన తల్లి కుమిలిపోవాల్సిన పని లేదు. ఎడ్వర్డ్ ట్రానిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పరిశీలనల్లో తల్లీబిడ్డల శృతి కలిసేది తక్కువ సమయమే. తప్పినప్పుడల్లా తిరిగి కలుపుకోవడమే వాళ్లిద్దరూ చేసే పని.

ఇక చదువు దగ్గరకు వద్దాం. 1978లో అమెరికాలో లియా మాటస్, రిచర్డ్ అరెండ్, అలన్ స్రూఫ్ రెండేళ్ల పిల్లలకు చిన్న చిన్న చిక్కుముడులు ఇచ్చారు. వాటిలో ఒకదానిలో పారదర్శకమైన పెట్టె లోపల మిఠాయి ఉంటుంది. పలక ఒక కొసన చెక్కదిమ్మె బరువు పెట్టి నొక్కి ఉంచితే రెండో కొస లేచి మిఠాయి అందుతుంది. రెండేళ్ల పిల్లలు ఒంటరిగా చేయలేనంత కష్టం. తల్లి పక్కనే ఉంటుంది. అంతకుముందు పద్దెనిమిది నెలల వయసులో సురక్షిత అనుబంధం కనబరచిన పిల్లలు ఉత్సాహంగా పనిలోకి దిగారు, విఫలమైతే అలిగి వదిలేయకుండా మళ్లీ ప్రయత్నించారు, తమ వల్ల కాదనుకున్నప్పుడు తల్లిని సాయం అడిగారు, ఆమె చెప్పింది విన్నారు. మిగతావారు తొందరగా విసిగిపోయారు, లేదా తల్లి మాట పట్టించుకోలేదు. ఎదుగుదల పరీక్షల్లో రెండు వర్గాల మార్కులూ దాదాపు సమానమే. తెలివిలో తేడా లేదు. కష్టం ఎదురైనప్పుడు ఆ తెలివిని ఎలా వాడుకున్నారన్న దాంట్లో ఉంది తేడా. ఎల్‌కేజీకి ముందే అక్షరాలు రుద్దించే తల్లిదండ్రులకు ఈ ప్రయోగం గురించి ఎవరైనా చెబితే బాగుండును.

మాట నేర్వడంలోనూ మనిషి కావాల్సిందే. సియాటిల్‌లో పట్రీషియా కూల్ బృందం ఇంగ్లిషు మాత్రమే విన్న తొమ్మిది నెలల పిల్లలకు నాలుగు వారాల్లో పన్నెండుసార్లు చైనీస్ వినిపించింది. కొందరికి చైనీస్ మాట్లాడే మనిషి ఎదురుగా కూర్చుని కథలు చదివి, బొమ్మలతో ఆడించింది. ఇంకొందరికి అదే మనిషి, అవే కథలు, టీవీలో. మనిషి దగ్గర విన్నవాళ్లు ఇంగ్లిషులో లేని చైనీస్ ధ్వనుల తేడాను పట్టగలిగారు. టీవీలో చూసినవాళ్లకు ఏమీ రాలేదు. 2003లో వెలువడిన ఈ ఫలితం అన్నం తినిపించడానికి ఫోన్ చేతికిచ్చే ప్రతి ఇంటికీ పనికొస్తుంది.

బౌల్బీ తొలి రోజుల్లో తల్లి మీదే మరీ ఎక్కువ భారం వేశాడన్న విమర్శ న్యాయమైనదే. గ్లాస్గోలో 60 మంది పసిపిల్లలను గమనించి 1964లో రుడోల్ఫ్ షాఫర్, పెగ్గీ ఎమర్సన్ ప్రచురించిన అధ్యయనంలో, ఏడాదిన్నర వచ్చేసరికి చాలామంది పిల్లలు ఒకరి కన్నా ఎక్కువమందికి అతుక్కున్నారు. తండ్రి, తాతయ్య, నాయనమ్మ, అక్క, పక్కింటి మనిషి. ఎక్కువసేపు పక్కన ఉన్నవాళ్ల కంటే, పిల్లలు పిలిస్తే పలికినవాళ్లకే దగ్గరయ్యారు. అమెరికాలో 1991 నుంచి వెయ్యిమందికి పైగా పిల్లలను వెంబడించిన పెద్ద అధ్యయనంలో, తల్లి ఉద్యోగానికి వెళ్లి బిడ్డను డే కేర్‌లో ఉంచినంత మాత్రాన అనుబంధం చెడలేదు. జపాన్‌లోని సపోరోలో జరిపిన పరీక్షలో పట్టనట్టుండే పిల్లలు కనబడలేదు, ఊరుకోని పిల్లలు బాల్టిమోర్‌లో కంటే ఎక్కువగా కనిపించారు. అమ్మ పక్కలో పడుకుని, అమ్మతో కలిసి స్నానం చేసే ఆ పిల్లలకు గదిలో ఒంటరిగా మూడు నిమిషాలు ఉండటం బాల్టిమోర్ పిల్లల కంటే ఎంతో పెద్ద శిక్ష. తెలుగు ఇళ్లలో పెరిగే పిల్లలనూ ఆ గది మార్కులతో కొలిస్తే ఇలాగే పొరబడతాం.

తెలుగువారిలో ఒక ఎడబాటు చాలామందికి తెలిసిందే. అమెరికాలోనో, బెంగళూరులోనో ఇద్దరూ ఉద్యోగాలు చేసే దంపతులు ఏడాది నిండని బిడ్డను ఊళ్లో అమ్మమ్మ తాతయ్యల దగ్గర ఉంచుతారు, రెండేళ్లకో మూడేళ్లకో తీసుకెళ్తారు. అమ్మమ్మ దగ్గర బిడ్డకు కొత్త బంధం దృఢంగానే ఏర్పడుతుంది. కష్టం తిరిగి తీసుకెళ్లేటప్పుడు. బిడ్డ దృష్టిలో అది సొంతింటికి తిరిగి రావడం కాదు, అమ్మమ్మను పోగొట్టుకోవడం. ఇలాంటి సందర్భాలకు రాబర్ట్‌సన్, ఆయన భార్య జాయిస్ 1960లలో చేసిన పని దారి చూపుతుంది. తల్లి కాన్పుకు ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఆ ఇంటి చిన్నపిల్లలను ఈ దంపతులు ఒక్కొక్కరినీ తమ ఇంట్లో ఉంచుకున్నారు. ముందే రాకపోకలతో పరిచయం పెంచారు, బిడ్డ దుప్పటి, బొమ్మలు, తిండి అలవాట్లు అలాగే కొనసాగించారు, అమ్మ ఫొటో చూపిస్తూ ఆమె గురించి మాట్లాడారు. ఆ పిల్లలు దిగులుపడ్డారు కానీ కుంగిపోలేదు. పదిహేడు నెలల జాన్ అనే పిల్లవాడు మాత్రం అదే కారణంతో తొమ్మిది రోజులు ఒక శిశు సంరక్షణ కేంద్రంలో ఉన్నాడు. ఆయాలు మంచివాళ్లే, కానీ పూటపూటకూ మారేవారు. జాన్ తిండి మానేసి, బొమ్మ ఎలుగుబంటి మీద పడి ఏడ్చి, చివరికి తల్లి వచ్చినప్పుడు ఆమెను దగ్గరకు రానివ్వలేదు.

తొమ్మిది రోజులకే అంత జరిగితే, పుట్టిన నాటి నుంచీ ఎవరూ లేని పిల్లల సంగతేమిటి? రొమేనియాలో ఆ ప్రశ్నకు జవాబు దొరికింది. అక్కడి పాలకుడు చౌషెస్కూ 1966లో గర్భస్రావాన్ని నిషేధించాడు, గర్భనిరోధక సాధనాలు దొరక్కుండా చేశాడు. పెంచలేని కుటుంబాలు బిడ్డలను ప్రభుత్వ గృహాల్లో వదిలాయి. 1989 డిసెంబరులో ఆయన ప్రభుత్వం కూలేనాటికి అలాంటి గృహాల్లో లక్షమందికి పైగా పిల్లలున్నారు. వాళ్లలో అత్యధికులు అనాథలు కారు, తల్లిదండ్రులు బతికే ఉన్నారు. ఒక్కో ఆయాకు పది పన్నెండు మందికి పైనే పిల్లలు. సీసా పాలు, డైపర్లు, నిద్ర, అన్నీ గంట కొట్టినట్టు. చార్లెస్ నెల్సన్, నేథన్ ఫాక్స్, చార్లెస్ జీనా అనే అమెరికన్ పరిశోధకులు అక్కడికి వెళ్లినప్పుడు వారిని ముందుగా కలచివేసింది పసివార్డుల నిశ్శబ్దం. ఏడిస్తే ఎవరూ రారని తెలిసిన పిల్లలు ఏడవడం మానేశారు.

2000లో బుఖారెస్ట్‌లోని ఆరు గృహాల నుంచి 6 నుంచి 31 నెలల వయసున్న 136 మందిని తీసుకుని, చీటీ వేసినట్టు సగం మందిని కొత్తగా శిక్షణ ఇచ్చిన పెంపుడు కుటుంబాల్లో ఉంచారు. మిగతా సగానికి అప్పటిదాకా అందుతున్న సంరక్షణే కొనసాగింది. ఈ విభజన నైతికంగా సరైనదేనా అన్న చర్చ చాలా జరిగింది, జరగాల్సిందే. అప్పటికి ఆ నగరంలో పెంపుడు కుటుంబాలు దాదాపు లేవు. గృహంలో ఉండిపోయిన పిల్లల్లో ఎవరికి ఎప్పుడు కుటుంబం దొరికినా అడ్డుకోకూడదని పరిశోధకులు నియమం పెట్టుకున్నారు.

నాలుగున్నరేళ్లప్పుడు తెలివి పరీక్షలో గృహాల్లో మిగిలిన పిల్లల సగటు 73. పెంపుడు ఇళ్లకు వెళ్లినవారిది 81. సొంత ఇళ్లలో పెరిగిన బుఖారెస్ట్ పిల్లలది 109. మూడున్నరేళ్లప్పుడు సురక్షిత అనుబంధం పెంపుడు ఇళ్ల పిల్లల్లో సగం మందిలో కనిపించింది, రెండో వర్గంలో నూటికి 18 మందిలోనే. అన్నిటికన్నా కలవరపెట్టేవి వయసు లెక్కలు. ఏడాదిన్నర లోపు కుటుంబంలోకి వెళ్లినవారికి మూడున్నరేళ్లప్పుడు వచ్చిన సగటు 94. ఏడాదిన్నర, రెండేళ్ల మధ్య వెళ్లినవారికి 89. రెండేళ్లు దాటాక వెళ్లినవారికి దాదాపు 80. రెండేళ్ల లోపు ఇల్లు దొరికిన పిల్లల మెదడు విద్యుత్ తరంగాలు ఎనిమిదేళ్ల వయసుకు సొంత ఇళ్లలో పెరిగినవారి తరంగాలకు దగ్గరగా వచ్చాయి. ఆలస్యమైనవారివి రాలేదు.

రొమేనియా 2004లో చట్టం చేసి, తీవ్ర వైకల్యం ఉన్నవారిని మినహాయించి రెండేళ్ల లోపు పిల్లలను ఇలాంటి గృహాల్లో ఉంచకూడదంది. భారతదేశంలో 2015 నాటి బాలల న్యాయ చట్టం కూడా పిల్లలను సంస్థలో ఉంచడం చివరి మార్గం కావాలంటోంది. దత్తతకూ, పెంపుడు కుటుంబాలకూ అందులో దారి ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ జిల్లాల్లో ఆస్పత్రి మెట్ల మీదో, బస్టాండులోనో దొరికిన పసికందులు శిశుగృహకు చేరతారు. అక్కడి నుంచి ఒక ఇంటికి వెళ్లేదాకా బాలల సంక్షేమ కమిటీ ఉత్తర్వు, వైద్య పరీక్షలు, దరఖాస్తుల పరిశీలన అన్నీ జరగాలి. అక్రమ దత్తతలను ఆపడానికి ఆ కాగితాలు అవసరమే. ఆ ఫైలు ఒక బల్ల మీద నుంచి ఇంకో బల్ల మీదకు వెళ్లడానికి పట్టే నెలలను మాత్రం ఆ బిడ్డ ఏడాదిన్నర, రెండేళ్ల హద్దులతో కలిపి లెక్కపెట్టాలి. అప్పటిదాకా ఆ బిడ్డకు పూటకో ఆయా కాకుండా, రోజూ ఎత్తుకుని పేరు పెట్టి పిలిచే మనిషి ఒకరుండాలి.